బట్టల గది కట్టించుకోవాలంటే ఎవర్ని పిలవాలి? బరంపురం అనుభవంతో నాలుగు దారుల పోలిక

రాత్రి పదకొండు దాటాక పక్క గదిలోంచి పెద్ద చప్పుడు. మావారు లేచి లైటు వేశారు. వానాకాలంలో బిగించిన హ్యాంగర్ రాడ్ ఒక కొస ఊడిపోయి, దాని మీదున్న చొక్కాలూ ప్యాంట్లూ అన్నీ నేల మీద కుప్పపడి ఉన్నాయి. రాడ్ పట్టు ఉండాల్సిన చోట గోడలో పిడికెడంత గుంట. అందులోంచి ఎర్రటి ఇటుక పొడి ఇంకా సన్నగా రాలుతోంది. కింద పడ్డ స్క్రూని చేతిలోకి తీసుకుంటే దాని మరలకి చెక్క ముక్క అంటుకుని ఉంది. ప్లాస్టిక్ ప్లగ్ పెట్టాల్సిన కన్నంలో చెక్క దిగ్గొట్టి దానికే స్క్రూ బిగించాడు ఆ రాడ్ పెట్టిన చిన్నాచితకా పనుల మనిషి. వానల్లో తడికి ఉబ్బి గట్టిగా పట్టుకున్న చెక్క, కార్తీకం వచ్చేసరికి ఆరి వదులైంది.

ఆయన మంచివాడే. ఇప్పటికీ మా ఇంట్లో కుళాయి కారినా, కర్టెన్ రాడ్ వంగినా ఆయన్నే పిలుస్తాం. ఆయన పని కానిది ఆయనకి అప్పజెప్పడం మా పొరపాటు. ఆ తర్వాత బట్టల గది (వాక్-ఇన్ వార్డ్‌రోబ్) మొత్తం కొత్తగా చేయించుకున్నాం. అప్పుడు నలుగురైదుగురు పనివాళ్లతో మాట్లాడాను, మా బంధువుల ఇళ్లలో చేయించిన పనులు తలుపులు తీసి, అరల కింద చెయ్యి పెట్టి చూశాను. ఇలాంటి పని పెట్టుకోబోతున్నవాళ్లకి పనికొస్తుందని ఇదంతా రాస్తున్నాను.

మాది ఒడిశాలో గంజాం జిల్లా బరంపురం, గోసాని నువాగాం వైపు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడి ప్రాంతంగా ఏర్పడినప్పుడు గంజాం మద్రాసు నుంచి ఇటు వచ్చింది, మనవాళ్లు చాలామంది ఇక్కడే ఉండిపోయారు. అందువల్ల ఇంటి పనికి మనిషి కావాలంటే మనం సరిహద్దుకి రెండు వైపులా వెతుక్కోవచ్చు. ఊళ్లో ఒడియా బఢేయిలు (వడ్రంగులు) ఉన్నారు. ఇచ్ఛాపురం, సోంపేట నుంచి వచ్చే తెలుగు వడ్రంగులు ఉన్నారు. రాజస్థానీ కార్పెంటర్ల బృందాలు ఉన్నాయి. భువనేశ్వర్ నుంచో విశాఖపట్నం నుంచో, ఫ్యాక్టరీలో పలకలు కోసి తెచ్చి బిగించే మాడ్యులర్ కంపెనీలు వస్తాయి. ఇంతమందిలో ఎవరు అన్నది తేల్చుకోవడానికి నాకు ఒక్క ప్రశ్న బాగా పనికొచ్చింది. కొలత ఎవరు తీస్తారు? కొలత తీసిన మనిషే బిగించాలి. ఒకరు కొలిచి, ఇంకొకరు చేసి, మూడోవాళ్లు బిగిస్తే, అంగుళం తేడా వచ్చిన రోజున ముగ్గురూ ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు. మధ్యలో నలిగేది మనం.

ముందు మీ గది సంగతి

వాక్-ఇన్ వార్డ్‌రోబ్ అంటే పెద్ద బీరువా అనుకోకండి. మనిషి లోపలికి నడిచి వెళ్లి బట్టలు తీసుకునే చిన్న గది అది. అరలకి రెండడుగుల లోతు కావాలి, హ్యాంగర్ అడ్డంగా పట్టాలంటే అంతకన్నా తగ్గకూడదు. నడవడానికి, వంగి కింది అరలోంచి తీసుకోవడానికి మూడడుగులు కావాలి. అంటే ఒకవైపే అరలు పెడితే గది వెడల్పు కనీసం ఐదడుగులు, రెండు వైపులా అయితే ఏడడుగులు. అంతకన్నా తక్కువ ఉంటే మామూలు తలుపుల వార్డ్‌రోబే సుఖం. ఆ మాట చెప్పకుండా ‘చేసేద్దాం అమ్మా’ అన్న మనిషిని నేనైతే పెట్టుకోను.

మన ఇళ్లలో ఇంకో సంగతి ఉంది. బరంపురం పట్టుచీరలు హ్యాంగర్‌కి వేలాడదీసేవి కావు. మడత పెట్టి, పల్చటి నూలు గుడ్డలో చుట్టి, అరలో పడుకోబెట్టాలి. వేలాడదీస్తే జరీ బరువుకి మడత దగ్గర పట్టు నలిగి చీలుతుంది. కాబట్టి ఆన్‌లైన్‌లో బొమ్మల్లో కనిపించే, గది నిండా రాడ్లుండే బట్టల గది మనకి సరిపడదు. పది, పన్నెండు అంగుళాల ఎత్తున్న చీరల అరలు ఎక్కువ కావాలి, రాడ్లు తక్కువ కావాలి. అర పొడవు 32 అంగుళాలు దాటనివ్వకండి. యాభై పట్టుచీరలంటే ముప్పై కిలోల పైమాటే, పొడవు పెరిగితే చెక్క మధ్యలో కుంగుతుంది. మాట్లాడ్డానికి వచ్చిన మనిషి ‘చీరలెన్ని ఉన్నాయమ్మా?’ అని తనంతట తాను అడిగితే, అతనికి ఈ పని తెలుసని అర్థం.

చిన్నాచితకా పనులు చేసే మనిషి

డ్రిల్ మెషిన్ సంచిలో వేసుకుని సైకిల్ మీదో స్కూటర్ మీదో వచ్చేస్తాడు. రోజు కూలికి వస్తాడు, లేదా పనికింత అని మాట్లాడుకుంటాడు. ఖర్చు అన్నిటికన్నా తక్కువ. రెడీమేడ్‌గా పెట్టెలో వచ్చే అరల సెట్టు కొని, దాన్ని నిలబెట్టించుకోవాలనుకుంటే ఇతను చాలు. 2018 ఆగస్టులో హైదరాబాద్‌లో ఐకియా ఫర్నిచర్ షాపు తెరిచాక, విడిభాగాలుగా కొని ఇంట్లో బిగించుకునే పద్ధతి మనవాళ్లకీ బాగా తెలిసింది. ఆ తరహా సామాను ఇప్పుడు ఆన్‌లైన్‌లో చాలా దొరుకుతుంది.

ఈ దారిలో కొలత బాధ్యత పూర్తిగా మీదే. సెట్టు కొన్నది మీరు, గది మీది. అతను పెట్టె విప్పి, కాగితంలో ఉన్నట్టు బిగిస్తాడు. పట్టకపోతే అతన్ని అనడానికి లేదు. అందుకని గది వెడల్పు మూడు చోట్ల కొలవండి: నేల దగ్గర, నడుము ఎత్తున, పైన. మూడింట్లో ఏది తక్కువో అదే లెక్క. పాత ఇళ్లలో కింద ఏడడుగులున్న గోడ పైకి వెళ్లేసరికి అంగుళం, అంగుళంన్నర దగ్గరకి వచ్చేస్తుంది. మూల సరిగ్గా ఉందో లేదో చూడ్డానికి ఒక గోడ మీద మూడడుగులు, పక్క గోడ మీద నాలుగడుగులు గుర్తు పెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య టేపు పట్టండి. సరిగ్గా ఐదడుగులు వస్తే మూలమట్టం బాగున్నట్టే. తేడా వస్తే, పెట్టెలో వచ్చే సెట్టు ఆ మూలలో సందు లేకుండా కూర్చోదు.

అతన్ని పెట్టుకునే ముందు ఒక్కటి అడగండి: ‘రాడ్ ఎలా బిగిస్తావు?’ 8 మిల్లీమీటర్ల బిట్టుతో కన్నం వేసి, అదే సైజు ప్లగ్ పెట్టి, 50 మిల్లీమీటర్ల స్క్రూ అంటే సరే. గోడ ఏ రకమో చూసి చెప్తానంటే ఇంకా మంచిది. రసమట్టం పెట్టకుండా కంటితో చూసి ‘సరిగ్గానే ఉంది’ అనే మనిషికి కర్టెన్ పని ఇవ్వండి, ఇది ఇవ్వకండి.

గోడ చెప్పేది వినాలి

దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మా రాడ్ ఊడింది మనిషి వల్ల ఎంతో గోడ వల్ల కూడా అంతే. డ్రిల్ పెట్టినప్పుడు రాలే పొడిని చూడండి. ఎర్రగా రాలితే మట్టి ఇటుక. బూడిద రంగులో రాలితే ఫ్లై యాష్ (బూడిద) ఇటుకో కాంక్రీటో. కాంక్రీటైతే బిట్టు మొరాయిస్తుంది, హామర్ డ్రిల్ కావాలి. తెల్లటి పిండిలా సులువుగా వచ్చేస్తే అది సన్నటి గాలి బుడగలుండే తేలిక బ్లాకు, దానికి వేరే రకం ప్లగ్ ఉంటుంది. ఇక బడబజార్ వైపు పాత ఇళ్లలో సున్నపు గోడలుంటాయి. వాటిలో బిట్టు దిగ్గానే చుట్టూ గుల్లగా రాలిపోతుంది. అలాంటి గోడకి ఎంత మంచి ప్లగ్ పెట్టినా బరువు వేలాడదీయకూడదు. బరువంతా నేల మీద నిలబడేలా చెక్క పెట్టెలు చేయించుకోవాలి, గోడకి ఒరగకుండా పట్టుకోవడానికే రెండు స్క్రూలు చాలు. ఈ పని చిన్నాచితకా పనుల మనిషిది కాదు, వడ్రంగిది.

తేమ సంగతి ఇంకా ముఖ్యం. గోపాల్‌పూర్ సముద్రం మనకి దగ్గర, జూన్ నుంచి సెప్టెంబర్ దాకా గాలిలోనే నీళ్లుంటాయి. అడుగు చదరం పాలిథీన్ కాగితం ముక్క గోడకి పెట్టి, నాలుగు అంచులూ టేపుతో గాలి దూరకుండా అంటించి ఒక రోజంతా వదిలెయ్యండి. మర్నాడు కాగితం లోపలి వైపు నీటి చుక్కలు కనిపిస్తే గోడలోంచే తడి వస్తోంది. మా గదికి అవతల బాత్‌రూమ్ ఉంది. కాగితం లోపల చుక్కలు చేరి ఒకదాన్నొకటి కలుపుకుని కిందికి జారుతూ కనిపించాయి. ముందు ఆ గోడకి బాత్‌రూమ్ వైపు నుంచి వాటర్‌ప్రూఫింగ్ చేయించి, ఎండిందాకా ఆగి, ఆ తర్వాతే అరల పని మొదలుపెట్టాం. బాత్‌రూమ్ గోడలో పైపులెక్కడ ఉన్నాయో తెలియకుండా డ్రిల్ పెట్టనివ్వకండి. ప్లంబింగ్ చేసినప్పటి ఫోటోలు ఉంటే తీసి చూపించండి, లేకపోతే ఆ గోడ జోలికే పోకుండా మిగతా గోడల మీద పని నడిపించండి.

ఊళ్లో వడ్రంగి మేస్త్రీ

మేము చివరికి ఎంచుకున్నది ఇదే. గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో చాలామంది తెలుగు ఇళ్లకి ఇదే సరిపోతుందని నా అభిప్రాయం. అతను వచ్చి గది చూస్తాడు, తనే కొలుస్తాడు, ఇంట్లోనే ప్లైవుడ్ కోస్తాడు, తనే బిగిస్తాడు. గోడ వంకరగా ఉంటే చెక్కని ఆ వంకరకి తగ్గట్టు చెక్కుతాడు. ఫ్యాక్టరీలో తయారైన పలక ఆ పని చెయ్యలేదు.

అతని కొలతల భాష తెలిస్తే మాట తేలికవుతుంది. మన వడ్రంగులు అంగుళాన్ని ఎనిమిది నూళ్లుగా లెక్కపెడతారు. ఒడియా, రాజస్థానీ వాళ్లు దాన్నే సూత్ అంటారు. మాడ్యులర్ కంపెనీలు అంతా మిల్లీమీటర్లలో మాట్లాడతాయి. ఆరు నూళ్లంటే 19 మిల్లీమీటర్లు. బొమ్మ ఒకరి లెక్కలో, కోత ఇంకొకరి లెక్కలో జరిగితే తప్పు రాక మానదు. మా మేస్త్రీ గోడ మీదే పెన్సిల్‌తో పూర్తి సైజు బొమ్మ గీశాడు: ఇక్కడ అర, ఇక్కడ రాడ్, ఇక్కడ సొరుగు. నేను నిలబడి చెయ్యి చాచి చూసి, ‘పై రాడ్ నాకు అందడం లేదు మేస్త్రీ’ అంటే, ‘నాలుగు అంగుళాలు దించుదాం అమ్మగారూ, పైన సూట్‌కేసులకి చోటు పెరుగుతుంది’ అన్నాడు. కంప్యూటర్ బొమ్మలో నాకు ఆ సంగతి తెలిసేది కాదు.

ధర మాట్లాడేటప్పుడు జాగ్రత్తగా ఉండాల్సింది చదరపు అడుగు దగ్గర. కూలి గుత్తకి మాట్లాడితే చదరపు అడుగుకి ఇంత అంటారు, కానీ దేన్ని కొలుస్తారో ముందే తేల్చుకోవాలి. ఎనిమిదడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు అరలుంటే, ముందు వైపు మాత్రమే కొలిస్తే 56 చదరపు అడుగులు. రెండు పక్కలూ కూడా కలిపితే ఒక్కో పక్కా రెండు ఏడులు 14, మొత్తం 84 అవుతుంది. రేటు తక్కువ చెప్పినాయన పక్కలు కలిపి కొలిస్తే, రేటు ఎక్కువ చెప్పినాయన కన్నా ఖర్చెక్కువ అవుతుంది. వార్డ్‌రోబ్‌కి ముందు వైపు కొలత మాత్రమే లెక్కించడం చాలాచోట్ల వాడుక. అదే ఒప్పుకోమని అడిగి కాగితం మీద రాయించండి.

సామాను మనమే కొని, కూలి విడిగా ఇవ్వడం మంచిదా, అంతా కలిపి అతనికే అప్పజెప్పడం మంచిదా? మొదటిదే మంచిదంటాను, కొంచెం తిరిగే ఓపిక ఉంటే. ఎన్ని షీట్లు కావాలో మీరే లెక్క వేసుకోగలరు. ప్లైవుడ్ షీటు ఎనిమిది నాలుగులు. నిలువునా రెండుగా కోస్తే ఎనిమిదడుగుల పొడవు, రెండడుగుల లోతు పలకలు రెండు వస్తాయి. పైన చెప్పిన కొలతకి నిలువు పలకలు నాలుగంటే రెండు షీట్లు. పైదీ కిందదీ కలిపి ఒక షీటు. మూడు గళ్లలో రెండేసి అరలకి ఇంకో షీటు, ఎందుకంటే ఒక్కో పలకలో 31 అంగుళాల అరలు మూడు వస్తాయి. సొరుగులకి ఒకటి కలుపుకోండి. మొత్తం ఐదు, వెనక వైపు 6 మిల్లీమీటర్లవి రెండు. మేస్త్రీ ఎనిమిది షీట్లు తెమ్మంటే ఎందుకని మర్యాదగా అడగండి. మంచి మేస్త్రీ విసుక్కోకుండా లెక్క చెప్తాడు.

ప్లైవుడ్ రకం మీద అసలు రాజీ పడకండి. ఎంఆర్ రకం (తేమని కొంతవరకే తట్టుకునేది) పొడి గాలి ఊళ్లకి సరే. మన తీరానికి ఐఎస్ 710 (మెరైన్ ప్లైవుడ్‌కి భారత ప్రమాణం) గుర్తున్న మెరైన్ ప్లైవుడ్ తీసుకోవాలి. కనీసం కింది పలక, బాత్‌రూమ్ గోడ వైపు పలకలైనా అదే ఉండాలి. షీటు మీద ఐఎస్ఐ గుర్తు కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉంటుంది. భారత ప్రమాణాల సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే అది ఏ కంపెనీదో చూపిస్తుంది. అయినా నాకు నమ్మకం కుదరక, రెండు షాపుల నుంచి అరచెయ్యంత ముక్కలు అడిగి తెచ్చాను. ఒకటి మెరైన్ అన్నది, ఇంకోటి దాని సగం ధరకి ‘ఇది కూడా వాటర్‌ప్రూఫే’ అన్నది. పాత అల్యూమినియం గిన్నెలో నీళ్లు పోసి రెండింటినీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా మరిగించాను. నీళ్లు టీ డికాక్షన్ రంగుకి తిరిగాయి. మెరైన్ ముక్క నల్లబడింది గానీ అంచులు కదల్లేదు. రెండోది ఉల్లిపాయ పొరల్లా విడిపోయింది, వేలితో లాగితే పొరకి పొర వచ్చేసింది. ఐఎస్ 710 ప్రకారం 72 గంటలు మరిగించినా విడిపోకూడదు, కాబట్టి నా పరీక్ష చిన్నదే. ఆ చిన్న పరీక్షకే రెండోది ఓడిపోయింది.

కింది పలక నేలకి ఆనించకుండా మూడు నాలుగు అంగుళాల ఎత్తులో ప్లాస్టిక్ కాళ్ల మీద నిలబెట్టించండి. మనం రోజూ తడిగుడ్డ పెట్టే నేల కదా, ఆ నీళ్లు తాగి మొదట పాడయ్యేది ఆ పలకే. వెనక పలకకీ గోడకీ మధ్య ఒక అంగుళం గాలి ఆడాలి. చెదల మందు గోడ మొదట్లో, చెక్క బిగించకముందే కొట్టించాలి, బిగించాక ఆ మూలకి చెయ్యి పట్టదు. రాడ్ ఎంచుకునేటప్పుడు అయస్కాంతం తీసుకెళ్లండి. గట్టిగా అంటుకుంటే అది చాలావరకు పైపూత ఉన్న ఇనుమే, మన ఉప్పుగాలికి తుప్పు పడుతుంది. అంటుకోనంత మాత్రాన అది తుప్పుని బాగా తట్టుకునే 304 రకం స్టీలని కాదు, చవక 202 రకమూ అంటుకోదు. బిల్లు మీద 304 అని రాయించుకుంటే నిశ్చింత.

మేస్త్రీని ఎంచుకునేటప్పుడు, తను కొత్తగా చేసిన పని చూపిస్తానంటాడు. పాతది చూపించమనండి. రెండు వానాకాలాలు చూసిన పనిలో సొరుగు ఇంకా సులువుగా జారుతోందా, లామినేట్ అంచులు లేచాయా, అరలు కుంగాయా అన్నవే అతని గురించి చెప్తాయి. కొత్త పని ఎవరిదైనా బాగానే కనిపిస్తుంది.

ఇబ్బందులు కూడా ఉన్నాయి. పది పన్నెండు రోజులు ఇంట్లో రంపపు పొట్టు, ఫెవికాల్ వాసన, మెషిన్ గోల. ఆస్తమా ఉన్న పెద్దవాళ్లుంటే టెన్షనే. వాళ్లని ఆ రోజుల్లో చుట్టాల ఇంటికి పంపితే మంచిది. ఇక పండగలు. జూన్ మధ్యలో రజొ పండగ మూడు రోజులు ఒడియా పనివాళ్లు రారు. సెప్టెంబర్ 17న విశ్వకర్మ పూజ, ఆ రోజు పనిముట్లకి పూజ చేస్తారు గానీ వాటితో పని చెయ్యరు. తెలుగు వడ్రంగి సంక్రాంతికి ఊరెళతాడు. బరంపురంలో రెండేళ్లకోసారి వచ్చే ఠాకురాణీ యాత్రకి (అమ్మవారి జాతర) చుట్టాలు దిగే ఇళ్లలో, దానికి కనీసం రెండు నెలల ముందు పని మొదలుపెట్టండి. ఒడియా పనివాడు ‘హెబొ, ఆజ్ఞా’ (అవుతుందండీ) అన్నాడంటే పని ఒప్పుకున్నట్టే, తేదీ మాత్రం విడిగా అడిగి రాయించుకోవాలి.

రాజస్థానీ బృందం

పని వేగం, నీట్‌నెస్ కావాలంటే వీళ్లు. ముగ్గురు నలుగురు కలిసి వస్తారు, పొద్దున ఎనిమిది నుంచి రాత్రి దాకా చేస్తారు, లామినేట్ అంచులు అద్దంలా కలుపుతారు. ఇల్లు మొత్తం చెక్క పని ఉన్నప్పుడే వీళ్లకి గిట్టుబాటు, ఒక్క బట్టల గదికి సాధారణంగా రారు, వస్తే రేటు ఎక్కువ చెప్తారు. హోలీకో దీపావళికో ఊరెళితే నెల దాకా రాకపోవచ్చు. ఆర్నెల్ల తర్వాత కీలు వదులైతే ఆ మనిషి అప్పటికి ఏ ఊళ్లో ఉంటాడో. అయితే కొలతా కోతా బిగింపూ ఒకే చేతి మీద నడుస్తాయి కాబట్టి నా ప్రశ్నకి వీళ్లు నెగ్గుతారు. మేస్త్రీ దొరకని చోట, పెద్ద పని ఉన్నప్పుడు వీళ్లే సరి.

మాడ్యులర్ కంపెనీ

ఫ్యాక్టరీలో మెషిన్ మీద కోసి, అంచులకి మెషిన్‌తోనే పట్టీ అంటించి, పలకలుగా తెచ్చి ఒకటి రెండు రోజుల్లో బిగించేస్తారు. ఇంట్లో పొట్టు ఉండదు. గ్యారంటీ కాగితం ఇస్తారు. కొత్త ఫ్లాట్ అయితే, గోడలు తిన్నగా ఉంటే ఇది మంచి దారి, ఖర్చు భరించగలిగితే.

రాయగడలో మా పిన్ని విశాఖ వైపు నుంచి ఒక కంపెనీని పిలిచింది. కొలతలు వీడియో కాల్‌లో తీసుకున్నారు. పిన్ని టేపు పట్టుకుంది, అవతల అమ్మాయి రాసుకుంది. ఆ గదిలో పైన మూలన ఒక దూలం ఆరు అంగుళాలు కిందికి దిగి ఉంటుంది. అది ఫోన్‌లో కనిపించలేదు, పిన్నికి చెప్పాలని తట్టలేదు. పలకలు లారీలో వచ్చాక, రెండు నిలువు పలకలు దూలానికి తగిలాయి. బిగించడానికి వచ్చిన కుర్రాళ్లు ‘మాకు ఇచ్చిన సైజే తెచ్చాం ఆంటీ’ అన్నారు. కొత్త పలకలు రావడానికి ఐదు వారాలు పట్టింది. అన్నాళ్లూ పిన్ని చీరలు సూట్‌కేసుల్లో, మంచాల కింద ఉన్నాయి. బిగించేవాళ్ల తప్పు లేదు. కొలిచిన కళ్లు ఆ గదిలో లేకపోవడమే అసలు తప్పు.

కాబట్టి కంపెనీని ఎంచుకుంటే, ఆర్డర్ పెట్టకముందే వాళ్ల మనిషి ఇంటికి వచ్చి కొలిచి, ఆ కొలతల కాగితం మీద సంతకం చెయ్యాలి. విశాఖ నుంచి రైల్లో నాలుగైదు గంటల దారి. రాకపోకల ఖర్చు అడిగితే ఇవ్వండి, దండగ కాదు. ఏ పలక ఏ బోర్డుతో చేస్తారో అడగండి. చాలామంది పార్టికల్ బోర్డు (చెక్క పొట్టు అదిమి చేసిన పలక) వాడతారు. ఏసీ ఫ్లాట్‌లో అది బాగానే ఉంటుంది, తేమ తగిలే గదిలో అంచు నుంచి ఉబ్బుతుంది. ఏడాది తర్వాత సొరుగు చానల్ పోతే ఎవరొస్తారు, ఎన్ని రోజుల్లో వస్తారు, రాకకి ఎంత తీసుకుంటారు అన్నది కూడా రాయించుకోండి.

పన్ను గురించి ఒక మాట. ఒడిశాలోనే కొంటే బిల్లులో సీజీఎస్టీ, ఎస్జీఎస్టీ అని రెండుగా కనిపిస్తుంది, ఆంధ్రా నుంచి తెప్పిస్తే ఐజీఎస్టీ అని ఒక్కటే కనిపిస్తుంది. మొత్తం రేటు ఒకటే, కాబట్టి సరిహద్దు దాటినందుకు పన్ను ఎక్కువ పడుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. బిల్లు లేకుండా తగ్గించి ఇస్తానన్నా ఒప్పుకోకండి. బిల్లుంటే, కంపెనీ విశాఖదైనా సరే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే ఫిర్యాదు వేయొచ్చు, విశాఖ దాకా తిరగక్కర్లేదు. ముందుగా 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి చెప్పినా చాలాసార్లు కంపెనీ దిగొస్తుంది.

మీ పరిస్థితికి ఏది?

అద్దె ఇంట్లో ఉంటే, రేపు మారే అవకాశముంటే, నేల మీద నిలబడే రెడీమేడ్ సెట్టు కొని చిన్నాచితకా పనుల మనిషితో పెట్టించుకోండి. గోడకి కన్నాలు తక్కువ, మారేటప్పుడు విప్పి తీసుకుపోవచ్చు. సొంత పాత ఇల్లు, గోడలు వంకర, తేమ ఉంటే వడ్రంగి మేస్త్రీ తప్ప వేరే దారి వద్దు. కొత్త ఫ్లాట్, ఇద్దరూ ఉద్యోగాలు, ఇంట్లో పది రోజులు ఉండి చూసుకునేవాళ్లు లేకపోతే కంపెనీ మేలు. ఇల్లంతా ఒకేసారి చేయిస్తుంటే రాజస్థానీ బృందంతో మాట్లాడండి.

ఒక్కటి మాత్రం చెయ్యకండి. కంపెనీ నుంచి పలకలు మాత్రం కొని, బిగింపు కూలి మిగులుతుందని బయట మనిషితో బిగించడం. గ్యారంటీ అక్కడితో పోతుంది, తేడా వస్తే అడిగే దారి ఉండదు.

డబ్బు ఏ దారిలోనైనా దశలవారీగా ఇవ్వండి. సామాను విడిగా మనమే కొంటే మేస్త్రీకి పెద్ద అడ్వాన్సు అక్కర్లేదు. పెట్టెలు నిలబడ్డాక కొంత, సొరుగులు, రాడ్లు అయ్యాక కొంత. ఆఖరి పదో వంతు రెండు వారాల తర్వాత. మేస్త్రీకి ఈ సంగతి మొదటిరోజే చెప్పాను, చివర్లో చెబితే నమ్మకం లేదనుకుంటాడు. ఆయన సరేనన్నాడు.

పని అయిన రోజు సాయంత్రం ఒక్కో రాడ్‌కి రెండు ప్లాస్టిక్ బకెట్లు తగిలించి, ఒక్కో దాంట్లో పన్నెండు లీటర్ల నీళ్లు పోశాం. నాలుగడుగుల రాడ్ నిండా బట్టలుంటే బరువు దాదాపు అంతే ఉంటుంది. రాడ్ పట్టు పై అంచు దగ్గర గోడ మీద మేస్త్రీయే పెన్సిల్‌తో సన్నటి గీత గీశాడు. రాత్రి తలుపు వేసి పడుకున్నాం. పొద్దున్నే వచ్చి ఆయనే మొదట వంగి చూశాడు. గీత, పట్టు అంచు ఒకదాని మీద ఒకటి అలాగే ఉన్నాయి. బకెట్లు దించి, ఆ నీళ్లు పెరట్లో కరివేపాకు మొక్కకి పోసి, చీరలు సర్దడం మొదలుపెట్టాను.